గీతకి బెత్తెడు అవతల

నీరద ఓడిపోయి వచ్చింది. టెన్నిస్ ఆడేవాళ్లు ఓడిపోతుంటారు, అందులో వింతేమీ లేదు. చిక్కేమిటంటే, వచ్చినప్పటి నుంచీ ఆ ఒక్క బంతి గురించే మాట్లాడుతోంది.

శ్రీలంకలో జూనియర్ల అంతర్జాతీయ పోటీ, సెమీఫైనల్. అవతలి పిల్ల కొట్టిన బంతి గీత దాటి పడింది. మట్టి కోర్టు కదా, బంతి పడ్డచోట అచ్చు మిగులుతుంది. అంపైరు కుర్చీ దిగొచ్చి, పక్కనున్న పాత అచ్చు చూసి, బంతి లోపలే పడిందన్నాడు. అక్కణ్ణించి నీరద ఆట చెడింది.

ఈ కథ ఇంట్లోవాళ్లు విన్నారు, విమానం దిగి ఎక్కిన రైల్లో ఎదురు సీటువాళ్లు విన్నారు. గుంటూరులో ఆమెకు ఆట నేర్పే మస్తాన్ సార్‌కైతే వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. ఆదివారం సాయంత్రం టీవీలో కార్ల రేసు చూసుకుందామని ఆయన కూర్చుంటే అక్కడికీ వచ్చింది. సరిగ్గా చివరి ల్యాపులో, ఫోన్లో తీసిన అచ్చు ఫొటో ఆయన ముక్కు ముందు పెట్టింది. రేసు ఎవరు గెలిచారో ఆయనకు తెలియనే లేదు.

వారం తిరిగితే పుణెలో ఇంకో పోటీ. అక్కడ గెలిస్తేనే పెద్ద చాంపియన్‌షిప్‌లో ఆడే అర్హత. లేదంటే ఈ సీజను అయిపోయినట్టే. పిల్ల మాత్రం నాలుగు బంతులు కొట్టడం, ఆగడం, మళ్లీ అదే పాట.

మర్నాడు పొద్దున కోర్టులో కాలు పెడుతూనే మొదలెట్టింది.

"సార్, మీరే చెప్పండి..."

"అవుటే," అన్నారు మస్తాన్ సార్.

నీరద ఫోన్ తియ్యబోయి ఆగింది. "నిజంగానా సార్?"

"నిజంగానే. నీకు అన్యాయం జరిగింది. ఎక్కడ పడిందో చూపించు."

ఆమె పరుగున వెళ్లి ఎడమ మూల, వెనక గీతకి బెత్తెడు అవతల వేలు పెట్టి చూపించింది. ఆయన వంగి బంతిని అక్కడ నొక్కి అచ్చు వేశారు. చుట్టూ రాకెట్ పిడితో గుండ్రంగా గీత గీశారు.

"దీన్ని భద్రంగా చూసుకో తల్లీ. తొక్కావంటే ఊరుకోను."

నెట్‌కి అటువైపు వెళ్లి, వరసబెట్టి ఆ మూలకే బంతులు కొట్టసాగారు.

నీరద ఒక బంతికి కాలు వెనక్కి వెయ్యబోయి, అచ్చు గుర్తొచ్చి ఆగింది. బంతి వెళ్లిపోయింది. ఇంకోదానికి ఒంటికాలి మీద గెంతి నెట్‌కి కొట్టింది. చూపంతా నేల మీదే. పక్క కోర్టులో పిల్లలు నవ్వారు.

"కాలు! కాలు చూసుకో! అచ్చు!" ఆయన అరుస్తూనే ఉన్నారు, బంతులు కొడుతూనే ఉన్నారు.

నీరద రాకెట్ నేలకేసి కొట్టబోయి ఆపుకుంది. ఏడుపొక్కటే తక్కువ. "ఇది ఇక్కడుంటే నేనెట్టా ఆడేది సార్!"

మస్తాన్ సార్ బంతులు ఏరుకుంటున్నారు.

ఆమె ఆ గుండ్రటి గీతని చూసింది. తర్వాత కోర్టు పక్కకి వెళ్లి, మట్టి చదును చేసే గోనెపట్టా తాడు పట్టుకుని లాక్కొచ్చింది. అచ్చు దగ్గరికి వచ్చాక ఆగింది.

"అది అవుటే సార్," అంది మెల్లగా.

"అవుటే."

నీరద తాడు లాగింది. పట్టా అచ్చుని చెరిపేస్తూ కోర్టు చివరిదాకా వెళ్లింది.

మస్తాన్ సార్ ఆమెకో బంతి విసిరారు. "సర్వీస్ నీదే," అన్నారు.