వెనకాయన

ఒక దేశంలో ఒక వీరుడు ఉండేవాడు. ఆయన కాగితం మీద ఉండేవాడు.

ఆ దేశం నదికంటే పల్లంలో ఉండేది. నదికీ ఊళ్లకీ మధ్య ఒక మట్టికట్ట. కట్ట నిలిస్తే దేశం ఉన్నట్టు, తెగితే లేనట్టు. ఈ సంగతి అందరికీ తెలుసు గనక దాని గురించి ఎవరూ మాట్లాడుకునేవారు కాదు. వారం వారం బొమ్మల పుస్తకంలో వచ్చే వీరుడి గురించే మాట్లాడుకునేవారు.

వీరుడు అందగాడు. కళ్లకి గంతలాంటి ముసుగు, దాని కింద కోరమీసం, వీపు మీద ఎరుపూ పసుపూ కలిసిన జెండా రంగుల వస్త్రం. వారానికో రాక్షసుణ్ణి మట్టి కరిపించేవాడు. సముద్రం మీంచి వచ్చిపడే ఇనుప పక్షుల్ని తోకపట్టుకుని గిరగిరా తిప్పి విసిరేసేవాడు. చివరి బొమ్మలో నడుము మీద చేతులు పెట్టుకుని, "నేనుండగా నా దేశానికి భయమేమిటి!" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం జనం చెవి కోసుకునేవారు.

అచ్చయిన ప్రతి కాగితంలోనూ వీరుడే ఉన్నాడు. ఎక్కడ పుస్తకం తెరిచి ఉంటే అక్కడి మనుషులు ఆయనకి కనిపించేవారు, వాళ్ల మాటలు వినిపించేవి. అందుకే ఆయనకి ఎవరికీ చెప్పుకోలేని దిగులు ఒకటి ఉండేది. రాక్షసులూ కాగితమే, ఇనుప పక్షులూ కాగితమే. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఈ జనాన్ని నిజంగా కాపాడాలి. అంతకుమించి ఆయన ఏమీ కోరలేదు.

ఆ దిగులు చాలదన్నట్టు ఇంకో చిరాకు కూడా ఉండేది. అచ్చాఫీసులో మెషిన్ ముసలిది. ముందు నల్లగీతలతో బొమ్మ అచ్చేసేవారు. అది ఆరాక అదే కాగితాన్ని మళ్లీ ఎక్కించి గీతల మధ్య రంగులు వేసేవారు. ఆ రెండో విడతలో మెషిన్ పూనకం వచ్చినట్టు ఊగిపోయేది. రంగు పడాల్సిన చోట పడకుండా కాస్త కుడిపక్కకి జరిగి పడేది. దాంతో ప్రతి బొమ్మలోనూ ముందు నల్లగీతల వీరుడు, ఆయనకి అరడుగు వెనకగా, ఎర్రగా పసుపుగా, ముఖంలేని ఆకారం ఒకటి.

"ఎవరు నువ్వు?" అని వీరుడు ఒకనాడు అడిగేశాడు.

"నీ రంగుని," అంది ఆకారం.

"నా రంగువైతే నా గీతలో ఉండాలి గదా. నా వెనకాల నీకేం పని?"

"మెషిన్ ఎక్కడ పడేస్తే అక్కడున్నాను. ఇక్కడ హాయిగానే ఉంది."

"నాకు లేదు," అన్నాడు వీరుడు.

రంగు నవ్వింది. ముఖం లేకపోయినా నవ్విందని తెలుస్తూనే ఉంది. వీరుడికి ఒళ్లు మండింది.

అది అచ్చుతప్పు అని పెద్దవాళ్లకి తెలుసు. పిల్లలకి ఎవరూ చెప్పలేదు. పిల్లలు బొమ్మ చూశారు, ఇద్దరు కనిపించారు, ఇద్దరున్నారని నమ్మేశారు. ముందున్నది వీరుడు, వెనకున్నది వెనకాయన. అంతే, పేరు పెట్టడం కూడా అయిపోయింది.

పేరు వెంటే ఆట పుట్టింది. ఒకరు వీరుడై నడుము మీద చేతులు పెట్టుకుని ముందు నిలబడాలి. ఏమైనా సరే వెనక్కి తిరిగి చూడకూడదు. చూడకుండానే "వెనక ఎవరు?" అని అరవాలి. ఎవరో ఒకరు పరుగున వచ్చి అరడుగు వెనక, కుడిపక్కన నిలబడి "నేనున్నా!" అనాలి. రాక్షసులు మీదపడి వీరుణ్ణి కూల్చేస్తే, వెనకున్నవాడు అడుగు ముందుకేసి తనే వీరుడైపోతాడు, "వెనక ఎవరు?" అని తనూ అరుస్తాడు. ఇంకొకరు వస్తారు. వెనక ఎవరూ లేనప్పుడే ఆట ఓడినట్టు. రాక్షసుల వేషం కట్టినవాళ్లు, పాపం, ఎన్నడూ గెలిచి ఎరగరు.

తమాషా ఏమిటంటే వీరుడి వేషానికి పోటీయే లేదు. వెనకాయన వేషం కోసం మాత్రం జుట్లు పట్టుకునేవారు.

"నిన్నంతా నువ్వేగా వెనకాయనవి! ఇవాళ నేను," అని పడవవాళ్ల పిల్ల రోజూ తగువు పెట్టుకునేది.

"ఆడపిల్లవి, నువ్వు వెనకాయన ఎట్లా అవుతావే?" అన్నాడు అప్పడాలవాళ్ల అబ్బాయి.

"నువ్వాయన ముఖం చూశావా?"

"లేదు."

"మరి నోరు మూసుకుని ముందు నిలబడు!"

అతను పోయి ముందు నిలబడ్డాడు. ఆమె వెనక నిలబడి, నది అవతలి ఒడ్డుకి వినపడేట్టు "నేనున్నా!" అంది.

తెరిచి ఉన్న పుస్తకాల్లోంచి ఇదంతా చూస్తూ వీరుడు కుళ్లుకున్నాడు. అవును, కుళ్లుకున్నాడు, దాచడం ఎందుకు? దెబ్బలు తినేది తను, పిల్లలు ఎగబడేది ఆ మరక కోసమా!

పిల్లలు పెద్దవాళ్లయ్యారు. పాత పుస్తకాలు అలమరల్లో గిన్నెల కింద పరుపులయ్యాయి, లెక్కల పుస్తకాలకి అట్టలయ్యాయి, గాలిపటాలయ్యాయి. నచ్చిన బొమ్మని ట్రంకుపెట్టె మూతకి లోపలివైపు అతికించుకోవడం ఆ దేశంలో అలవాటు. పడవవాళ్ల పిల్ల తనకిష్టమైన పేజీని మైదాపిండి జిగురుతో అట్లాగే అతికించుకుంది. పెద్దయ్యాక రేవులో పడవ నడుపుతూ, కట్ట కిందే ఇల్లు కట్టుకున్నప్పుడు ఆ పెట్టె ఆమెతోనే వచ్చింది.

ఇంతలో దేశానికి కొత్త పాలకుడు వచ్చాడు. ఆయనకి శుభ్రం ఎక్కువ.

"మన వీరుడి వెనకాల ఈ మరకేమిటి? చూసేవాళ్లు నవ్విపోరూ?" అన్నాడు.

వెంటనే పైదేశం నుంచి కొత్త మెషిన్ దిగింది. దాని మీద నిండుగ్లాసు పెట్టినా చుక్క తొణకదు. దాని మీద వీరుడి పుస్తకం బంగారురంగు అట్టతో, 'బంగారు ప్రతి' అనే పేరుతో అచ్చయింది. రంగు ఎక్కడా జరగకుండా, గీతలోపల బిగుతుగా కూర్చుంది. పాత పుస్తకం తెచ్చిస్తే కొత్తది ఊరికే ఇస్తామన్నారు. జనం అటకలు దులిపి మరీ తెచ్చిచ్చారు.

వీరుడి ఆనందం అంతా ఇంతా కాదు. "ఎట్లా ఉన్నాను?" అని అడిగాడు.

"ఊపిరాడటం లేదు," అంది లోపలున్న రంగు.

"అదే అలవాటవుతుందిలే."

బంగారు ప్రతిని అందరూ అద్దం బీరువాల్లో పెట్టుకున్నారు. కొత్త పిల్లలు చూసి "అబ్బ!" అన్నారు. మళ్లీ మళ్లీ చూశారు, మళ్లీ మళ్లీ "అబ్బ!" అన్నారు. ఆట మాత్రం ఆడలేదు. వెనక నిలబడటానికి బొమ్మలో చోటు లేదు మరి. పెద్దవాళ్లకీ ధీమా పెరిగిపోయింది. ఇదివరకు వానాకాలం వస్తే కట్ట మీద గస్తీ తిరిగి, ఎలుక బొరియలు కనిపిస్తే మట్టి కూరేవారు. ఇప్పుడు, "అంత వీరుడుండగా మనకెందుకండీ ఈ బురద!" అనుకున్నారు. బొరియలు బొరియల్లాగే ఉండిపోయాయి.

ఆ ఏడు వానలు విరుచుకుపడ్డాయి. ఒక మధ్యాహ్నం రేవు దగ్గర కట్ట నెర్రె విచ్చింది. డప్పు మోగింది. జనం పరుగో పరుగు! కట్ట మీదికి కాదు, ఇళ్లకి. బీరువాలు తెరిచి, బంగారు ప్రతులు తీసుకుని, అప్పుడు కట్టెక్కారు. పుస్తకాలు తెరిచి నది వైపు తిప్పి పట్టుకున్నారు.

"చూపించండి! వీరుణ్ణి బాగా చూపించండి!" అని పాలకుడు గొడుగు కింద నుంచి కేకలు పెట్టాడు.

అన్ని పుస్తకాల్లోంచీ వీరుడు నదిని చూశాడు. ఎర్రటి నీళ్లు, కొట్టుకొస్తున్న చెట్లు. కాగితం కాదు, అచ్చంగా నది! ఆయన గుండె ఎగిరి గంతేసింది. వచ్చింది, తన రోజు వచ్చింది! పిడికిళ్లు బిగించాడు, మోకాళ్లు వంచాడు, ఒక్క ఉదుటున దూకాడు.

గీత కదలలేదు.

"తొయ్యి! నన్ను బయటికి తొయ్యి!" అని అరిచాడు.

"ఎట్లా తొయ్యను? కదలడానికి సందేదీ?" అంది రంగు.

మళ్లీ దూకాడు. మళ్లీ. గీత గీతలాగే ఉంది. వానచినుకులు ముఖాన పడుతుంటే, "వస్తాడు, వచ్చేస్తాడు," అంటున్న జనాన్ని చూసి వీరుడికి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఏడుపొచ్చింది. వాళ్లు తనని నమ్ముకుని మునిగిపోబోతున్నారు.

నెర్రె దగ్గర ఒకే ఒక్కడు పనిలో ఉన్నాడు. బొజ్జ, బట్టతల, భుజాన మట్టిబస్తా. ఒకప్పటి అప్పడాలవాళ్ల అబ్బాయి, ఇప్పటి అప్పడాలాయన! అతని దుకాణం సరిగ్గా కట్ట కిందే. అతను వేసిన బస్తాని నీళ్లు వెనక్కి తన్నేస్తున్నాయి. దాన్ని వీపుతో అదిమిపెట్టాడు. కాళ్లు జారుతున్నాయి. ఏమని అరవాలో తోచలేదు. ఎక్కడి నుంచో, ఎన్నేళ్ల కిందటిదో, ఒక కేక దానంతటదే బయటికొచ్చింది.

"వెనక ఎవరు?"

కట్ట కింద ఇంట్లో పడవావిడ అప్పుడే బట్టలు సర్దుకోవడానికి ట్రంకుపెట్టె మూత ఎత్తింది. మూత మీద పాత పేజీ. దానిలోంచి వీరుడు ఆమెని చూశాడు. ఆమె మాత్రం వీరుణ్ణి చూడలేదు. ఆయన వెనకాల చూసింది.

కేక మళ్లీ వినపడింది. ఆమె పెట్టెని బోర్లించి బట్టలన్నీ నేల మీద గుమ్మరించింది. ఖాళీ పెట్టెని ఈడ్చుకుంటూ కట్టెక్కింది. అప్పడాలాయనకి అరడుగు వెనక, కుడిపక్కన నిలబడింది.

"నేనున్నా!"

అతను వెనక్కి తిరగలేదు. అయినా ఆ గొంతు పోల్చుకున్నాడు. "వచ్చావుటే! బస్తా ఆగట్లేదే, నీళ్లు తన్నేస్తున్నాయి!"

"పెట్టె తెచ్చాను, దీన్నిండా మట్టి కొట్టి నెర్రెలో దింపుదాం! నువ్వు మాత్రం కదలమాక!" అని, ఆమె కూడా వెనక్కి తిరక్కుండా గొంతు చించుకుంది. "వెనక ఎవరు?"

గుంపులో ఒక ముసలి జడ్జిగారు ఉలిక్కిపడ్డారు. చేతిలో బంగారు ప్రతిని బురదలో వదిలేసి పంచె ఎగ్గట్టారు. "నేనున్నా!" ఆయన వెనక పాలమ్మే ఆవిడ. "నేనున్నా!" ఆ వెనక ఇంకొకరు, ఇంకొకరు. చిన్నప్పుడు జుట్లు పట్టుకున్నవాళ్లంతా నెరిసిన జుట్టుతో వచ్చి వరస కట్టారు. తట్టలు చేతులు మారుతున్నాయి, పెట్టె నిండుతోంది, కేక కట్ట పొడుగునా దౌడు తీస్తోంది. ఎవరూ వెనక్కి తిరిగి చూడటం లేదు. చూడక్కర్లేదు కూడా.

"ఏమిటీ గోల? వీరుణ్ణి చూపించండయ్యా!" అన్నాడు పాలకుడు. ఎవరూ వినిపించుకోలేదు.

పెట్టె నిండింది. మూత వేయబోతూ పడవావిడ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. చిన్నప్పటి పేజీ. ఇంకెక్కడా లేని పేజీ.

"ఏమంటావు?" అని పాత పేజీలో రంగు అడిగింది.

వీరుడు ఆమె ముఖం చూశాడు. ఆమె వెనకున్న వరస చూశాడు. ఇన్నేళ్లూ తను మరక అనుకున్నది అక్కడ బారులు తీరి ఉంది.

"తొందరగా వెయ్యమను!" అన్నాడు.

ఆమె మూత వేసి గొళ్లెం పెట్టింది. నలుగురూ పట్టి పెట్టెని నెర్రెలోకి దొర్లించారు. నీళ్లు దాన్ని తన్ని చూశాయి. పెట్టె కదలలేదు. దాని మీద బస్తా, బస్తా మీద బస్తా. పొద్దు వాలేసరికి నది అలిసిపోయి కిందికి దిగింది. కట్ట నిలిచింది, దేశం నిలిచింది. అప్పడాలాయన బురదలో చతికిలబడి భోరున ఏడ్చాడు. పడవావిడ పకపకా నవ్వింది.

బంగారు ప్రతులన్నీ వానకి నానిపోయాయి. తెల్లారి దండేల మీద ఆరేస్తుంటే పిల్లలు ముందుగా చూశారు. రంగు కరిగి, గీత దాటి, కాస్త పక్కకి కారింది.

"అమ్మా, వీరుడి వెనకాల ఎవరో ఉన్నారే!"

కట్ట లోపల చీకటి. మూత మీది పేజీ తడిమట్టిలో అదుముకుపోయింది. గీత ఏదో రంగు ఏదో తెలియడం లేదు.

"ఇప్పుడు ముందెవరు, వెనకెవరు?" అని వీరుడు అడిగాడు.

"ఇక్కడ అవేం లేవు," అంది రంగు.

వీరుడికి హాయిగా అనిపించింది.

పైన కట్ట మీద చిన్న పాదాలు దబదబలాడాయి. ఎవరో పిల్ల అందరికంటే ముందే పరుగెత్తుకొచ్చి నిలబడింది. తక్కినవాళ్లు ఇంకా దూరంలోనే ఉన్నారు. ఆ పిల్ల నడుము మీద చేతులు పెట్టుకుని, నది వైపు తిరిగి, కట్ట లోపలికి కూడా వినపడేట్టు గొంతెత్తి అరిచింది.

"వెనక ఎవరు?"

పుట్టినప్పటి నుంచీ అందరికంటే ముందే నిలబడ్డవాడు, ఏనాడూ ఈ ప్రశ్నకి జవాబు చెప్పే అవసరం రానివాడు, మట్టిలోంచి ఎలుగెత్తి చెప్పాడు.

"నేనున్నా!"

ఆ పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. ఒక అడుగు ముందుకేసింది.