కొమ్ముకు వేలాడిన ఫోను

ఇప్పలకోన అడవిలో కుందేళ్లు, నెమళ్లు, అడవిపందులు, చుక్కల దుప్పులు ఉండేవి. దుప్పుల మందకు పెద్ద గంభీరుడు. అతని కొమ్ములు చాలా పెద్దవి. వాటిని చూసి అందరికన్నా ఎక్కువ మురిసిపోయేది కూడా అతనే.

ఒకసారి అడవి చూడటానికి వచ్చిన మనుషులు ఒక ఫోను పారేసుకుని వెళ్లారు. అది ఎండ తగిలితే చాలు, పనిచేసే రకం. తనను మోసుకుని ఎవరు ఎటు నడిచినా గుర్తుపెట్టుకునేది. ఆ నడకలన్నీ కలిపి, అడిగినవాళ్లకు దారి చెప్పేది. మనుషులు ఈ తెలివిని కృత్రిమ మేధ అంటారు. దుప్పులు ఫోను అనే అన్నాయి.

గంభీరుడు ఫోనును కొమ్ముకు తగిలించుకున్నాడు. అతను అలసిపోతే మరో మగ దుప్పి తగిలించుకునేది. ఆడ దుప్పులకు కొమ్ములుండవు కనుక వాటి వంతు రాలేదు. మెడకు కట్టుకోవచ్చన్న ఆలోచన ఎవరికీ రాలేదు. రావలసిన అవసరం మగ దుప్పులకు లేదు.

ఎండాకాలంలో దగ్గరి కుంట ఎండిపోయింది. గంభీరుడు ఫోనును అడిగాడు.

"కొండ అవతల మడుగులో నీళ్లున్నాయి. రాళ్లలోయ మీదుగా వెళ్లండి. తేలికైన దారి" అంది ఫోను.

చుక్కి అనే ఆడ దుప్పి ముందుకొచ్చింది. దాని పిల్లకు ఇంకా కాళ్లు నిలదొక్కుకోలేదు. దాహంతో ఆ పిల్ల నాలుక బయటపెట్టింది.

"గంభీరన్నా, ఆ లోయ దూకాలి కదా! నా పిల్ల దూకలేదు. వెదురు పొదల చుట్టూ తిరిగి పోదాం. పిల్లలున్న తల్లులం ఏటా అటే పోతాం."

"అలాంటి దారి లేదు" అంది ఫోను.

మగ దుప్పులు నవ్వాయి. "విన్నావుటే చుక్కీ? ముందు కొమ్ములు మొలిపించుకో. తర్వాత దారి చెబుదువుగాని" అన్నాడు గంభీరుడు.

చుక్కి ఫోను దగ్గరకు వెళ్లింది. "నిన్ను మోసుకుని వెదురు వైపు ఎవరైనా నడిచారా?"

"లేదు."

"పిల్ల తల్లి ఎవరైనా నిన్ను మోసిందా?"

"లేదు."

"మరి దారి లేదని ఎట్లా చెప్పావు?"

"నాకు తెలిసిన దారుల్లో అది లేదు."

"అయితే తెలియదు అను. లేదు అనకు" అని చుక్కి పిల్లను తీసుకుని వెదురు వైపు నడిచింది. తల్లులందరూ వెంట నడిచారు.

మగ దుప్పులు లోయ చేరాయి. పోయిన వానలకు అక్కడి గట్టు విరిగిపడింది. వానల తర్వాత ఫోనును మోసుకుని అటు ఎవరూ రాలేదు. అందుకే దానికి ఆ సంగతి తెలియదు.

"అన్నా, లోయ వెడల్పయినట్టుంది" అంది ఒక దుప్పి.

"తిన్నగా ముందుకు సాగండి" అంది ఫోను.

గంభీరుడు కళ్లతో కొలవలేదు. ఫోను మాట విని దూకాడు. రాళ్ల మీద పడ్డాడు. ఒక కొమ్ము విరిగింది, ముందు కాలు మెలిపడింది. మిగిలినవి అది చూసి, తల్లుల అడుగుజాడలు వెతుక్కుంటూ వెనక్కి పరిగెత్తాయి.

గంభీరుడు కుంటుకుంటూ మడుగు చేరేసరికి చుక్కి పిల్ల కడుపునిండా తాగి, తల్లి పక్కన నిద్రపోతోంది.

"నన్ను మోసం చేశావు!" అని అతను ఫోనును తిట్టాడు.

"క్షమించండి. మళ్లీ ప్రయత్నించండి" అంది ఫోను.

"దాన్నెందుకు తిడతావన్నా? మీరు నడిచిందే అది చెప్పింది" అంది చుక్కి. మిగిలిన కొమ్ముకున్న ఫోనును తీసి, తీగతో తన మెడకు కట్టుకుంది. పిల్లతో వెదురు పొదల దారినే తిరిగి వచ్చింది.

మర్నాడు ఎవరూ అడగకుండానే ఫోను చెప్పింది. "మడుగుకు మంచి దారి వెదురు పొదల చుట్టూ ఉంది."

గంభీరుడు ఒంటికొమ్ము తల ఊపాడు. "చూశారా! ఫోనుకు తెలియనిది లేదు."

"నిన్న నేను చెబితే లేని దారి, ఇవాళ ఫోను చెప్పగానే పుట్టుకొచ్చింది" అంది చుక్కి, పిల్ల ఒళ్లు నాకుతూ.

నీతి: ఫోను ఎంత ధీమాగా చెప్పినా, అది ఎవరి నడక చూసి నేర్చుకుందో అడగండి. ఆ నడకలో మీరు లేకపోతే, అది చూపే దారి మీది కాదు.