మూత కింద పరిమళం

అనగనగా కొండల నడుమ ఒక ఊరు. ఆ ఊళ్లో ఇంటికో ఉయ్యాల, ఉయ్యాలల్లో సగం ఖాళీ.

కొత్త రాగులు ఇంటికొచ్చాక అక్కడివాళ్లు వాటిని మొలకెత్తించి, చేదుతీగ పూలు వేసి కాచి, పులియబెట్టి కల్లు చేసేవారు. అప్పుడు నీడలేని అతిథి వచ్చేవాడు. నడిమధ్యాహ్నం, ఏటా ఒక ఇంటికి. తాగడు, తినడు, వాసన మాత్రం పీలుస్తాడు. కుండలో వాసన లేకపోతే ఉయ్యాలలో బిడ్డ ఊపిరి పీల్చుకుపోతాడు. పెద్దలు దాన్ని విధి అనేసి ఊరుకున్నారు.

ఆ ఏడు అతను సుక్రమ్మ గడపలో నిలబడ్డాడు.

అత్త బుద్రమ్మ నేర్పినట్టే కాచింది సుక్రమ్మ. పూలు మొదటినుంచీ మరగాలి, వాసన వీధి చివరికి చేరాలి, అదే ఇంటికి పరువు. అతిథి కుండమీద వంగి చూసి ఉయ్యాలవైపు తిరిగాడు.

"కుండ వట్టిది. పాప మాడు మాత్రం కమ్మగా ఉంది."

సుక్రమ్మ అడ్డం నిలబడింది. "నువ్వొచ్చింది కుండకోసం, ఉయ్యాలకోసం కాదు. ఒక్క కుండతోనే తీర్పు చెప్పేస్తావా?"

అతను ఉయ్యాల వదిలి ఆమెవైపు తిరిగాడు. "వారానికొకటి, ఇంకో రెండు కుండలు. అవీ వట్టివైతే ఉయ్యాల నాది."

రెండో కుండలో బుద్రమ్మ గంపెడు పూలు కుమ్మరించింది. పొద్దంతా మరిగించారు. ఊరు ఊరంతా గుప్పుమంది, ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. అతిథి వచ్చి కుండకేసి చూడనేలేదు. తలెత్తి చూరును పీల్చాడు. పీల్చినకొద్దీ గడ్డి నల్లబడింది.

"ఇక్కడికి పారిపోయింది," అన్నాడు.

కుండలో చేదే మిగిలింది. అతిథి అన్న మాట మాత్రం సుక్రమ్మకు ముల్లులా గుచ్చుకుంది. ఊరు మెచ్చుకున్న వాసనంతా కుండను విడిచిపోయిన వాసనే కదా!

మూడోసారి చేదుకోసం నాలుగే పూలు వేసి కాచింది. చల్లార్చి పులియబెట్టింది. నురగ అణిగాక పిడికెడు పూలు పలచటి గుడ్డలో మూటకట్టి అందులో వేసి, ఆకు కప్పి, మూతిని మట్టితో మెత్తింది. మూడు రోజులు ఎవరినీ కదపనివ్వలేదు.

వీధిలోకి ఏ వాసనా రాలేదు.

"నీ పొయ్యికి పడిశం పట్టిందేమే కోడలా? బిడ్డను చేతులారా అప్పగిస్తున్నావు," అంది బుద్రమ్మ.

"వీధికి పంచింది చాలత్తా. ఈసారి కుండకు దక్కనీ."

ఆ మధ్యాహ్నం కోళ్లు కూడా నోరెత్తలేదు. ఉయ్యాల దానంతటదే ఊగింది. అతిథి గడప దాటాడు.

సుక్రమ్మ మట్టి పగలగొట్టి మూత తీసింది. వానకు తడిసిన అడవి ఒక్కసారిగా ఇంట్లోకి నడిచొచ్చినట్టయింది. అతను పీల్చాడు, ఇంకా పీల్చాడు. పరిమళం తరగలేదు, అతనే తరిగిపోయాడు. అంచులు పలచబడి, చివరికి పొగలా చెదిరి చూరుకిందనుంచి వెళ్లిపోయాడు.

ఉయ్యాల ఆగింది. లోపల పాప తుమ్మింది.

ఆ మరుసటేడు ఊళ్లో ఏ పొయ్యీ గుబాళించలేదు, ఏ ఉయ్యాలా ఖాళీ కాలేదు.

అదను తప్పిన గంపెడుకంటే అదనున వేసిన పిడికెడే మేలు.