ముత్యాల్రావు కట్టేసిన ఆకాశం

కొల్లేటికి దగ్గర్లో లంకమామిడి అనే ఊళ్ళో, కంటికి కనబడిందల్లా తనదే అనుకునే ముత్యాల్రావు అనే చేపల రైతు ఉండేవాడు. చెరువు తనది, గట్టు తనది, గట్టు మీద మొలిచిన గడ్డి తనది. అంతవరకూ ఎవరికీ పేచీ లేదు. కాని చెరువు మీదున్న ఆకాశం కూడా తనదేనని అతని పట్టుదల. ఏ కొంగ వాలినా, ఏ నీటికాకి మునిగినా "నా చేప! నా చేప!" అని అరుస్తూ, ఖాళీ డబ్బా మోగిస్తూ గట్టు పొడుగునా పరిగెత్తేవాడు. పరిగెత్తలేక ఆయాసం వచ్చాక, చెరువు చుట్టూ కర్రలు పాతించి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు జల్లెడలాగా నైలాన్ దారాలు కట్టించాడు. అతన్ని చూసి ఊళ్ళో రైతులందరూ కట్టించారు.

"ఆకాశాన్ని కట్టేశారు, బాగుంది. సూర్యుణ్ణి ఎప్పుడు కట్టేస్తారు?" అని అడిగింది అతని భార్య నాగరత్నం.

పక్క చెరువు సత్తెయ్యది. వరసకు బావే, కాని మధ్య గట్టు ఎవరిదన్న తగవుతో ఇద్దరికీ మాటల్లేవు. పైగా ముత్యాల్రావు ఎప్పుడు చేపల పట్టుబడి పెట్టుకున్నా, సరిగ్గా ముందు రోజే సత్తెయ్య తన చేపలు పట్టించి లారీ ఎక్కించేవాడు. తన గుట్టు అతనికి ఎలా తెలుస్తోందో ముత్యాల్రావుకు అంతు చిక్కేది కాదు.

కార్తీకమాసంలో ఒక ఉదయం, చెరువు మీది దారాల్లో ఒక పెద్ద పక్షి చిక్కుకుని కొట్టుకుంటూ కనిపించింది. అది కొరమీను గద్ద. చేప తప్ప ఇంకేదీ ముట్టని జాతి. తెల్లని తల, కళ్ళ మీదుగా నల్లని పట్టీ, నిప్పుకణాల్లాంటి కళ్ళు. ముత్యాల్రావు పడవ మీద వెళ్ళి, తువ్వాలు కప్పి దాన్ని పట్టుకున్నాడు. వీపు మీద చెయ్యి పెడితే గట్టిగా ఏదో తగిలింది. చూస్తే అగ్గిపెట్టెంత నల్లని పెట్టె. దాని నుంచి సన్నని తీగ.

ముత్యాల్రావు బుర్ర చకచకా పనిచేసింది. మన బుర్రలు తప్పుదారిలో ఎప్పుడూ వేగంగానే పోతాయి కదా.

"దొరికాడే దొంగ! ఇది సత్తెయ్య పంపిన పిట్ట. నా చెరువులో చేప ఎంత పెరిగిందో, నేను ఎప్పుడు పడతానో ఇదే చూసి చెబుతోంది," అన్నాడు.

"మీరు పట్టుబడికి ముందు ఐసు బండి వాడితో ఫోనులో మాట్లాడితే కైకలూరు దాకా వినబడుతుంది. దానికి మళ్ళీ పిట్టెందుకండీ?" అంది నాగరత్నం.

అతను వినిపించుకోలేదు. గద్దను కోళ్ళ గంప కింద మూసి, గంప మీద రాయి పెట్టి, పశువుల పాకలో ఒక మూలకు తోశాడు. పంచాయితీ పెట్టించి సత్తెయ్య పరువు తీయాలని అతని ఆలోచన. నాగరత్నం జాలిపడి గంప కిందికి అన్నం తోసింది, చచ్చిన చేప తోసింది. గద్ద దేన్నీ ముట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఒక జీపు వచ్చి గట్టు మీద ఆగింది. అందులోంచి మందాకిని అనే ఆవిడ దిగింది. వలస పక్షుల గురించి పరిశోధన చేసే మనిషి. మొహం వాడిపోయి ఉంది.

"ఇక్కడ ఒక గద్ద పడిపోయిందా అండీ? వీపు మీద చిన్న పెట్టె ఉంటుంది. ఆ పెట్టె ఎండతో పనిచేస్తుంది. అది ఎక్కడుందో ఉపగ్రహానికి చెబుతూ ఉంటుంది. నిన్న పొద్దున మీ చెరువు దగ్గర ఉన్నానని చెప్పింది. ఆ తర్వాత మాట్లాడలేదు," అంది.

గంప కిందికి ఎండ ఎక్కణ్ణుంచి వస్తుంది? నాగరత్నం మొగుడి వంక చూసింది. ముత్యాల్రావు మాత్రం తగ్గలేదు.

"అది నా చేపలు తినడానికి వచ్చింది. మీరేమో ఉపగ్రహం, అనుగ్రహం అంటారు. దానికీ సత్తెయ్యకీ సంబంధం లేదంటే నేను నమ్మాలా?"

మందాకిని ఫోను తీసి అతని ముందు పెట్టింది. అందులో ప్రపంచపటం ఉంది. పటం పైనుంచి కిందికి ఒక ఎర్రని గీత దిగి ఉంది.

"ఇది పుట్టింది ఇక్కడండీ, ఉత్తరాన, మంచు అడవుల్లో. పుట్టి నాలుగు నెలలయింది. ఒక్క గూటిలో మూడు పిల్లలు ఉంటే మూడింటికీ పెట్టెలు కట్టారు. మొదట తల్లి వెళ్ళిపోయింది. తర్వాత ఈ పిల్లలు ఒక్కొక్కటే బయలుదేరాయి. ఏదీ తోడు లేకుండా."

"దారి ఎవరు చూపించారు?"

"ఎవరూ చూపించలేదు."

"మరి ఎలా తెలిసింది?"

"అదే మాకూ తెలియదండీ. ఎన్నాళ్ళు చూసినా ఆశ్చర్యమే. ఒక పిల్ల ఎడారిలో ఆగిపోయింది. ఒకటి మంచు కొండల అవతల ఆగిపోయింది. మిగిలింది ఇదొక్కటే."

ముత్యాల్రావు ఆ గీత మీద వేలు పెట్టి నెమ్మదిగా కిందికి జరిపాడు. అడవులు దాటింది. ఇసుక దాటింది. కొండలు దాటింది. ఏ దేశం సరిహద్దు దగ్గరా గీత వంగలేదు. అది చివరికి వచ్చి ఆగిన చోట తన చెరువు ఉంది. అతను జన్మలో ఏలూరు దాటి వెళ్ళింది రెండుసార్లే. ఇంత దూరం ఒక నాలుగు నెలల పసికూన ఒంటరిగా ఎగిరి వచ్చింది.

వేలు అక్కడే ఉంచి అడిగాడు: "దారిలో ఏం తింది?"

"చేపలే."

"ఎవరివి?"

మందాకిని నవ్వింది. "ఎవరివని చెప్పను? ఈ నదిలో ఒకటి, ఆ సరస్సులో ఒకటి. ఏ ఊరి వాళ్ళో పోనీలే అని వదిలేసి ఉంటారు. అలా వదిలేశారు కాబట్టే మీ చెరువు దాకా వచ్చింది."

ముత్యాల్రావు తల దించుకున్నాడు. అందరూ వదిలేసిన పిట్టను గంప కింద మూసింది తానొక్కడే.

పాకలోకి వెళ్ళి గంప ఎత్తాడు. గద్ద తూలుతూ నిలబడింది. మందాకిని దాని రెక్కలు విప్పి చూసి, "దెబ్బేమీ లేదు. కాని ఒంట్లో సత్తువ అయిపోయింది. నీళ్ళలో ఈదే చేపను తనంతట తానే పట్టుకోవాలి. చాలా దూరం ఎగరలేదు. దగ్గర్లో దారాలు లేని చెరువు ఉందా?" అని అడిగింది.

లేదు. ఊరి చెరువులన్నిటి మీదా దారాలే. ఆ విద్య నేర్పింది ముత్యాల్రావే.

అతను చూరులోంచి కొడవలి లాగి చెరువు వైపు పరిగెత్తాడు. తానే కట్టించిన దారాలను టపటపా తెగ్గోయడం మొదలుపెట్టాడు. అవతలి గట్టు మీద సత్తెయ్య ఇదంతా నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"చూస్తావేంటి బావా! పిట్ట చచ్చిపోతోంది. ఆ చివర నువ్వు కొయ్యి!" అని అరిచాడు ముత్యాల్రావు. చాలా ఏళ్ళకు ఆ నోట బావా అన్న పిలుపు వచ్చింది. సత్తెయ్య కొడవలి అందుకున్నాడు.

చెరువు మీద ఆకాశం ఖాళీ అయింది. మందాకిని గద్దను గట్టు మీదికి తెచ్చి చేతులు విప్పింది. గద్ద నీళ్ళను రాసుకుంటూ వెళ్ళి, పడిపోతుందేమో అనుకునేంతలో పైకి లేచింది. ఒక చుట్టు తిరిగింది. గాలిలో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడింది. మరుక్షణం రెక్కలు ముడిచి, కాళ్ళు ముందుకు చాచి రాయిలా పడింది. నీళ్ళు చిమ్మాయి. గద్ద పూర్తిగా మునిగిపోయింది.

నీళ్ళు చీల్చుకుని అది పైకి వచ్చింది. గోళ్ళలో బలమైన శీలావతి చేప! గాలిలోనే ఒళ్ళు దులుపుకుని, చేప తల ముందుకు తిప్పుకుని ఎగిరిపోయింది. ముత్యాల్రావు అలవాటు కొద్దీ "నా..." అని నోరు తెరిచాడు. తర్వాతి మాట వేరేది వచ్చింది.

"నా తల్లే!" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

రెండు చెరువుల మధ్య గట్టు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. కాని బావలిద్దరూ తమ చెరువుల మీద దారాలు తీసేసి, గద్ద వాలడానికి కలిసి ఆ గట్టు మీద ఒక వెదురు గడ పాతారు. అది మా చెరువులోనే ఎక్కువ తింటుందంటే మా చెరువులోనే అని కొత్త తగవు పెట్టుకున్నారు. పిల్ల గద్ద మొదటి వేసవికి పుట్టిన చోటికి తిరిగి వెళ్ళదు. అది ఆ చెరువుల మీదే పెరిగి పెద్దదయింది. ఆ మరుసటి ఏడు ఎండలు ముదరకముందే ఒక ఉదయం గడ ఖాళీగా కనబడింది. ముత్యాల్రావు గబగబా ఫోను తీశాడు. మందాకిని అందులో పెట్టిచ్చిన పటంలో ఎర్రని గీత ఉత్తరానికి తిరిగి ఉంది.

అతను మందాకినికి ఫోను చేశాడు. గొంతు ఎప్పటిలాగే కైకలూరు దాకా వినబడింది.

"మందాకినమ్మా! మన పిల్ల బయలుదేరింది. దారిలో చెరువులు ఉంటాయి కదా?"

"ఉంటాయండీ."

"వాటి ఆసాములు... మంచివాళ్ళేనా?"

దారి పొడుగునా ముక్కూ మొహం తెలియనివాళ్ళు వదిలిపెట్టిన దానితోనే ఏ ప్రాణి అయినా గమ్యం చేరుతుంది. కాబట్టి మన వంతు వచ్చినప్పుడు మనం గుప్పిట మూయకూడదు.