పదహారుమంది మోసిన పల్లకీ

ఒకానొక కాలంలో పాలవంక రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. కాని ఏ విద్య కాస్త పట్టుబడినా, అది తనతోనే పుట్టిందనుకునేవాడు. ఆ ఏడు ఆయనకు త్రైరాశికం పట్టుబడింది. ఇంతమందికి ఇంతసేపు పడితే అంతమందికి ఎంతసేపు అని, కంటబడిన ప్రతిదానికీ లెక్క కట్టేవాడు. వంటశాలకు వెళ్ళి, "నీ పక్కన ఇంకో ముగ్గుర్ని నిలబెడితే ఈ అన్నం నాలుగోవంతు సేపట్లో ఉడకాలి కదా!" అని వంటవాణ్ణి నిలదీసేవాడు. వంటవాడు తల ఊపి పొయ్యిలో ఇంకో కట్టె తోసేవాడు.

అదే ఏడు రాజధానిలో పెద్ద పాఠశాల కట్టించాడు. అందులో చేరాలంటే పరీక్ష నెగ్గాలి. లెక్కల ప్రశ్న మాత్రం రాజుగారు తానే రాశాడు.

"నలుగురు బోయీలు పల్లకీని కోట నుంచి కొండమీది గుడికి నాలుగు ఘడియల్లో చేరుస్తారు. పదహారుమంది మోస్తే ఎంతసేపట్లో చేరుస్తారు?"

రాజుగారి జవాబు, ఒక్క ఘడియ. సభలో అందరూ ఆహా అన్నారు. ఒక ముసలి పండితుడు మాత్రం గొంతు సవరించుకుని, "ప్రభూ, చిన్న సందేహం..." అన్నాడు. మర్నాటి నుంచి ఆయన ఏనుగుల మేత చూసుకుంటున్నాడు.

ఆ కొలువులోనే విస్సన్న అనే మాటకారి ఉండేవాడు. పాఠశాలలో చేర్పించడానికి మేనకోడలు తిమ్మక్కను తన ఇంటికి తెచ్చుకున్నాడు. పరీక్షనాటి సాయంత్రం పిల్ల గుమ్మం ఎక్కీ ఎక్కకముందే అడిగాడు:

"లెక్క చేశావా అమ్మా?"

"చేశాను మామయ్యా. నాలుగు ఘడియలే అని రాశాను."

విస్సన్న పిల్లను గబుక్కున లోపలికి లాగాడు. "పదహారుమంది ఉన్నారు కదే!"

"ఉంటే? ఎక్కువమంది మోస్తే బరువు తగ్గుతుంది. దారి తగ్గదుగా?"

పిల్ల రాసింది ఒప్పు. ఒప్పు కాబట్టే బడిలో చోటు పోయేలా ఉంది. ఈసారి పోతే మళ్ళీ చేరికలు మూడేళ్ళకు. బడి లేకుండా అన్నాళ్ళు తిమ్మక్కను ఊరికి దూరంగా ఉంచడానికి వాళ్ళ నాన్న ఒప్పుకోడు.

విస్సన్నకు కాలు ఒకచోట నిలవలేదు. విస్తరి ముందు కూర్చుని లేచాడు. వీధిలోకి వెళ్ళి తిరిగొచ్చాడు. రాజుతో తప్పు మీదే అంటే ఏనుగుల దగ్గరికి పంపుతాడు. నా మేనకోడలు, కాస్త దయ చూడండి అంటే, పిల్ల జన్మంతా దయతో చేరిన పిల్లగానే మిగిలిపోతుంది. నెగ్గినవాళ్ళ పేర్లు ఎల్లుండి కొండమీది గుడి ఉత్సవంలో చదువుతారు. రాజుగారు పల్లకీలో వెళ్ళేదీ ఆ గుడికే.

ఆ మాట తట్టగానే విస్సన్న పచార్లు ఆగిపోయాయి.

మర్నాడు సభలో ఏమీ ఎరగనట్టు అడిగాడు: "రేపు ఉత్సవానికి ఎప్పుడు బయలుదేరదాం ప్రభూ?"

"ఎప్పటిలాగే. ముహూర్తానికి నాలుగు ఘడియల ముందు."

"నాలుగెందుకు ప్రభూ? పదహారుమందిని పెడితే ఒక్క ఘడియ చాలని తమరే సెలవిచ్చారు. పిల్లలంతా అదే రాశారట. తమరు హాయిగా నిద్రపోండి."

రాజు ఒక్క క్షణం తటపటాయించాడు. సభంతా ఆయన మొహంకేసే చూస్తోంది. మీసం మీద చెయ్యి వేసి, "అలాగే కానివ్వండి!" అన్నాడు.

బోయీల పెద్ద ఎల్లయ్య పరుగున వచ్చాడు. "దొరా, పల్లకీ కర్రకు అంతమంది భుజాలు ఆనవు."

"కర్ర పొడుగుది కట్టు. అడ్డంగా వెదుళ్ళు కట్టు. లెక్క తప్పకూడదు" అన్నాడు రాజు.

బయటికి వచ్చాక విస్సన్న ఎల్లయ్య చెయ్యి పట్టుకున్నాడు. "ఎవరి కాలు జారినా నాకు ఉసురు తగులుతుంది. నిమ్మళంగా నడవండి. కష్టమైతే దించెయ్యండి. మాట పడవలసివస్తే నేను పడతాను." అలా అన్నాడే కాని, ఆ రాత్రంతా ఆయనకు కంటిమీద కునుకు లేదు.

ఉత్సవంనాడు రాజు తీరిగ్గా లేచి, తీరిగ్గా తాంబూలం వేసుకుని పల్లకీ ఎక్కాడు. పదహారుమందీ ఎత్తారు. ఒకరి మడమ ఒకరు తొక్కుకుంటూ, ఒకరి మోచెయ్యి ఒకరికి తగులుతూ కోట వాకిలి దాటేసరికే చెమటలు పట్టాయి. పక్కన విస్సన్న ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు పరుగెడుతున్నాడు.

కొండ ఎక్కుతూ మొదటి మలుపు దగ్గర చిక్కువచ్చింది. ముందున్నవాళ్ళు తిరిగారు. వెనకున్నవాళ్ళు ఇంకా తిన్నగానే ఉన్నారు. మధ్యలో పల్లకీ అడ్డం తిరిగి ముళ్ళపొదల మీదికి ఒరిగింది. "దించండి! దించండి!" అని రాజు పెట్టిన కేకకు పిట్టలన్నీ లేచిపోయాయి. ఎల్లయ్య మెల్లిగా దింపించాడు.

సరిగ్గా అప్పుడే కింద కోటలో ఘడియ గంట మోగింది.

విస్సన్న పల్లకీ తెర తొలగించి చేతులు కట్టుకున్నాడు. "దిగండి ప్రభూ. గుడి వచ్చింది."

రాజు కిరీటం సర్దుకుంటూ తొంగిచూశాడు. "ఏదీ గుడి?"

"ఘడియ గంట మోగింది కదా ప్రభూ. లెక్క ప్రకారం మనమిప్పుడు గుడిలో ఉన్నాం."

"నీకు కళ్ళు లేవా? ఇంకా మొదటి మలుపులోనే ఉన్నాం!"

"అదే నాకూ అంతుపట్టడం లేదు. లెక్క తమరిది, తప్పడానికి వీల్లేదు. తప్పు కొండదే అయి ఉండాలి. కొండకు శిక్ష వేయించమంటారా, లెక్క దిద్దించమంటారా?"

రాజు కొండను చూశాడు, బోయీలను చూశాడు. చివరికి ఎల్లయ్యను పిలిచాడు.

"ఇద్దరే మోస్తే ఎంతసేపు పడుతుందిరా? ఎనిమిది ఘడియలా?"

"ఇద్దరైతే పల్లకీ లేవనే లేవదు దొరా!"

రాజు పెదవి బిగబట్టాడు. నవ్వు ఆగలేదు. కడుపు పట్టుకుని పకపకా నవ్వాడు. బోయీలు కూడా నవ్వారు. "పదండి, నడుస్తాను" అని దిగి, మిగిలిన కొండంతా కాలినడకనే ఎక్కాడు. ముహూర్తం దాటిపోయింది. పూజారులు ఇంకో ముహూర్తం వెతికారు.

పేర్లు చదవబోతుంటే రాజు ఆపి, పంతుళ్ళు తెచ్చిన జవాబుల తాటాకులు తనే తిరగేశాడు. ఒక ఆకు దగ్గర చెయ్యి ఆగింది. "దారి తగ్గదు కనుక నాలుగు ఘడియలే," అని పైకి చదివాడు. "ఎవరీ తిమ్మక్క?"

"నా మేనకోడలు ప్రభూ."

"మరి ముందే చెప్పలేదేం?"

"చెబితే తమరు పిల్లను చూసేవారు. జవాబును చూసేవారు కారు."

రాజు తల పంకించాడు. "ఈ అమ్మాయి చేరుతుంది. మిగతావాళ్ళంతా ఒక ఘడియ అని రాశారు. తప్పు రాసినవాళ్ళను బడి బయటే ఉంచుదామా?"

పేర్లకోసం ఎదురుచూస్తున్న తల్లుల మొహాలు వాడిపోయాయి. విస్సన్న చప్పున ముందుకు వచ్చాడు.

"వద్దు ప్రభూ. ఆ జవాబు రాసినవాళ్ళను బయట నిలబెడితే, ఆ వరసలో అందరికంటే ముందు ఎవరు నిలబడాలో తమరికి తెలియంది కాదు."

రాజు విస్సన్నను ఎగాదిగా చూశాడు. తరవాత ఇందాకటికంటే గట్టిగా, కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు. మెడలోని ముత్యాల హారం తీసి విస్సన్న మెడలో వేశాడు.

"అందరినీ చేర్చుకోండి," అన్నాడు పంతుళ్ళతో. "ఇంకో క్షణం ఆగితే వీడు నన్ను కూడా పలక పట్టించి వాళ్ళ పక్కన కూర్చోబెట్టేస్తాడు!"