పేరమ్మ గీసిన నీటి పట్టిక

అనగనగా, రాజుగారి ఉత్తర్వుల కన్నా కాలువ నీళ్ళే కాస్త తొందరగా పారే ఒక రాజ్యం. అక్కడ పేరమ్మ అనే లెక్కలావిడ ఉండేది. బట్ట మీద గళ్ళు గీసి, ఎవరి అవసరానికి తగ్గట్టు వారికి పట్టికలు చేసిచ్చేది.

ఒకనాడు చెంగలశెట్టి అనే వర్తకుడు వచ్చాడు. "మా ఊరి కాలువకు ఒక పట్టిక కావాలమ్మా. ఏ మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలో చూడగానే తెలియాలి" అన్నాడు.

పేరమ్మ మూడు నెలలు ఆ ఊరి గట్లన్నీ తిరిగింది, ఎర్రమట్టి పిసికి చూసి, ఆ నేలకు తగ్గట్టు పట్టిక గీసింది. కాలువ లోతు ఎన్ని జానలో పై గడిలో చూసుకుంటే చాలు, కింది గడులు అందరి వంతులూ చెప్పేవి.

"ఇది మీ ఊరికే సుమండీ. ఒక ముక్క రాసుకుందామా?" అంది, పట్టిక ఇస్తూ.

"మన మధ్య రాతలేమిటమ్మా? నా మీద నమ్మకం లేదా?" అని శెట్టి నొచ్చుకున్నాడు. పేరమ్మ మొహమాటపడి ఊరుకుంది. అదే ఆమె కొంప ముంచింది.

శెట్టి నకళ్ళు తీయించి మూడు ఊళ్ళకు అమ్మాడు. మొదటి ఊరిది నల్లరేగడి, నీళ్ళు ఎక్కువై నారు కుళ్ళింది. రెండో ఊరిది చవుడు, నీళ్ళు చాలక పైరు మాడింది. మూడోది పేరమ్మ పుట్టిన ఊరు. అక్కడి ఇసుక నేలలో, వంతు వచ్చేలోగానే పైరు వాలిపోతోంది.

పేరమ్మ పరుగున వెళ్ళి, ఆ నేలకు తగ్గ కొత్త పట్టిక గీయబోయింది. "ఆ పట్టిక నాది" అంటూ శెట్టి ఆమెను రాజుగారి సభకు లాగాడు.

"శెట్టి కోరితేనే చేశావా?" అని అడిగారు రాజుగారు.

"అవును ప్రభూ."

"అడిగిన వెల ముట్టిందా?"

"ముట్టింది."

"హక్కు నీదేనని రాయించుకున్నావా?"

"మొహమాటపడ్డాను ప్రభూ."

రాజుగారు చెడ్డవారు కారు, మంచివారూ కారు. ధర్మశాస్త్రం చదువుకున్నవారు. "పట్టిక శెట్టిది. అలాంటిది నువ్వు గీయరాదు, దిద్దరాదు, ఎవరికీ చెప్పరాదు. మీరితే నువ్వు పుట్టిన ఊరి కాలువ మూయిస్తాం" అన్నారు.

ఆమె పుట్టిన ఊరికి తిరిగి వచ్చేసరికి పొలాలు ఎండుగడ్డి రంగుకు తిరిగాయి. చిన్నాన్న ఓబన్న, శెట్టి అమ్మిన పట్టికను ఆమె ముందు పరిచాడు. పక్కనే రాజభటుడు నిలబడి ఉన్నాడు.

"ఎక్కడ తప్పిందో చెప్పు తల్లీ."

చూడగానే తెలిసింది. రెండే రెండు గడులు. దిద్దితే సగం పంటైనా దక్కేది.

"నాకు తెలియదు చిన్నాన్నా" అని పేరమ్మ తల దించుకుని ఏడ్చింది.

"నువ్వు చేసిందేగా తల్లీ" అంటూ ముసలాయన పట్టిక మడుచుకుని వెళ్ళిపోయాడు.

కనుక పిల్లలూ, చేసిన పని చేతికిచ్చే ముందే దాని మీద హక్కు ఎవరిదో రాసుకోవాలి. అక్కడ మొహమాటపడితే మన పని మనకే పరాయిదవుతుంది.