గాలం లేని తాడు

అనగనగా, అడవి కాదర్రా, ఒక సముద్రం. ఒడ్డు కనపడనంత లోపల ఒక పెద్ద పసుపు డబ్బా తేలుతుండేది. అలలు ఎంతెత్తు లేస్తున్నాయో ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు కబురు పంపడం దాని పని. అది కొట్టుకుపోకుండా అడుగున లంగరు వేసి, లావుపాటి మోకుతో కట్టారు.

ఆ డబ్బా నీడలో ఒక కానగంత చేప తన పిల్లల్ని పెంచుకునేది. పిల్లలు ఇంకా వేలెడంతైనా లేవు. సొరచేప వస్తే డబ్బా చాటుకు దూరేవి.

అక్కడికి ఒక కొమ్ముకోనాం చేప వచ్చింది. ఒళ్లు రెండు బారలు, మూతికి బల్లెంలాంటి కొమ్ము, బుర్ర మాత్రం ఆవగింజంత. పైనుంచి దిగిన తాడు గాలమే అని చేపల్లో ఒక పాత మాట ఉంది. ఆ ఒక్క ముక్క బట్టీపట్టి, తనంత పండితుడు లేడనుకునేది. మోకును చూడగానే, మిమ్మల్నందరినీ నేనే కాపాడతానని మొదలుపెట్టింది. అడిగినవాళ్లెవరు?

"మావా, నేను అడుగుదాకా దిగి చూశాను," అంది కానగంత. "ఎక్కడా గాలం లేదు. నువ్వూ ఒకసారి చూడు. ఇది తెగితే నా పిల్లలకు చాటుండదు."

"చూసి తెలుసుకోవాల్సిన ఖర్మ నాకేంటి?" అంది కోనాం.

కొమ్ముతో పొడిచిన మొదటి పోటుకు మోకు పైతొడుగు చిరిగింది. కానగంత కాళ్లావేళ్లా పడింది. పడటానికి ఆ కోనాంకు కాళ్లుంటే కదా! రెండో పోటుకు లోపలి పేటలు తెగాయి. చుట్టూ చేరిన చిల్లర చేపలు శభాష్ అన్నాయి. ఇక చూడాలి దాని మిడిసిపాటు. మూడో పోటుకు మోకు రెండు ముక్కలైంది. కొమ్ము మాత్రం పైముక్క పేటల్లో ఇరుక్కుపోయింది.

డబ్బా గాలికి కొట్టుకుపోయింది. పిల్లలు దాని వెంట ఈదలేకపోయాయి. చాటు పోయిన పూటే సొరలు వచ్చాయి. సాయంత్రానికి కానగంతకు ఒక్క పిల్లే మిగిలింది. శభాష్ అన్నవాటిలో ఒక్కటీ అటు తొంగిచూడలేదు.

కోనాం ఎంత గింజుకున్నా కొమ్ము ఊడలేదు. డబ్బా దాన్ని ఒడ్డుదాకా ఈడ్చుకుపోయింది. చెబితే విననివాణ్ణి చెడంగా చూడాలని ఊరికే అన్నారా?

పడవలవాళ్లు ఇంత చేప ఎలా చిక్కిందా అని దాని నోరు తెరిచి వెతికారు. గాలం లేదు, ఎర లేదు. "ఎవరూ పట్టకుండానే పట్టుబడిందిరా," అని నవ్వుకుంటూ పడవలో పడేసుకున్నారు.

నీతి: తనకు తెలియనిదల్లా శత్రువే అనుకునే మూర్ఖుడు ముందు పొరుగువాళ్ల కొంప కూలుస్తాడు, ఆనక తన కొంప.